ఇరవై నిమిషాలు ముందున్న కంప్యూటర్

దయ్యాలూ గియ్యాలూ అంటే నవ్వేసే మనిషిని నేను. మా పుట్టింట్లో ఆ మాట ఎత్తితే చాలు, మా నాయిన కొట్టిపారేసేవాడు. డోర్నకల్ స్టేషన్‌లో రైళ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసేవాడాయన. పట్టాల పక్కన ఏదో కనబడిందని ఎవరైనా వణుక్కుంటూ వస్తే, "ఏ టైముకు కనబడ్డది?" అని అడిగేవాడు. టైము చెప్పలేనివాళ్ల మాటను ఆయన లెక్కలోకి తీసుకునేవాడు కాదు.

ఇప్పుడు నేను చెప్పబోయేదానికి నా దగ్గర టైముంది. నిమిషాలతో సహా ఉంది. ఫొటో కూడా ఉంది. అయినా అదేమిటో నాకు తెలియదు, అదే నా బాధ!

నా పేరు రూతు. జనగామలో ఒక సారు దగ్గర హార్డ్‌వేర్ కోర్సు నేర్చుకున్నాను. పెళ్లయ్యాక భూపాలపల్లి వచ్చాను. మా ఆయన చెల్పూర్ పవర్ ప్లాంటులో పని చేస్తాడు. నేను బస్టాండుకు దగ్గర్లో కంప్యూటర్లు బాగుచేసే షాపు నడుపుతున్నాను. మొదట్లో గిరాకీలు వచ్చి నా భుజం మీదుగా లోపలికి తొంగిచూసి, "సారు లేడా?" అని అడిగేవాళ్లు. ఇప్పుడు ఎవరూ అడగరు, ఎందుకంటే నేను పట్టుకున్న మిషన్ బాగవకుండా వెనక్కి పోదు. గొప్ప చెప్పుకుంటున్నాను అనుకున్నా సరే.

నాకొక జబ్బుంది. తప్పు టైము చూపించే గడియారాన్ని ఓర్చుకోలేను. వెనకుంటే ఎంత తప్పో ముందున్నా అంతే తప్పని మా నాయిన మాకు చిన్నప్పుడే నూరిపోశాడు. ఎవరింటికి వెళ్లినా నా కళ్లు ముందు గోడ మీదికే పోతాయి. తప్పుంటే సరిచేసేదాకా కుర్చీలో కుదురుగా కూర్చోలేను. ఈ జబ్బు వల్లనే ఆ రోజు ఒకమ్మాయి బతుకు మీదికి తెచ్చాను.

పోయిన ఏడాది వానాకాలంలో ఒక శుక్రవారం మధ్యాహ్నం ఉమ ఫోన్ చేసింది. బొగ్గు గని కాలనీ వెనక సందులో ఉంటారు వాళ్లు. వాళ్ల నాన్న రాజమల్లు బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన జబ్బు చేసి పోయి అప్పటికి ఏడాది దాటింది. ఇంట్లో ఉమ, వాళ్లమ్మ సమ్మక్క, ఇద్దరే.

"రూతక్కా, జర తొందరగ రా. కంప్యూటర్ల స్టోర్ తెరుచుకుంటలేదు. అప్‌డేట్ గూడ అయితలేదు. రేపు పదకొండు గంటలకు నా పరీక్ష!"

విషయం ఏమిటంటే, హనుమకొండలో ఒక పెద్ద దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగాలు పడ్డాయి. పరీక్ష ఇంటి నుంచే, కెమెరా ముందు కూర్చుని రాయాలి. దానికొక యాప్ ఉంది. ఆ యాప్ స్టోర్‌లోనే దొరుకుతుంది, స్టోర్ తెరుచుకోవాలంటే కంప్యూటర్ అప్‌డేట్ అయి ఉండాలి. పదిన్నరకు లాగిన్ తెరుస్తారు, పదకొండుకు మూసేస్తారు. ఒక్క నిమిషం దాటినా లోపలికి రానివ్వరు. ఉమ ఇంతకుముందు రెండుసార్లు రాసి కొద్ది మార్కుల తేడాతో పోగొట్టుకుంది. వయసు పరిమితి ఆ ఏడాదితో అయిపోతుంది. అంటే ఇదే ఆఖరుసారి.

వెళ్లి కూర్చున్నాను. స్టోర్ నొక్కితే చక్రం తిరిగి తిరిగి, 'ఏదో పొరపాటు జరిగింది, మళ్లీ ప్రయత్నించండి' అని వస్తోంది. ఆ ఏదో ఏమిటో మాత్రం చెప్పదు! అప్‌డేట్ నొక్కితే అదీ అంతే.

వరుసగా చూసుకుంటూ వచ్చాను. డిస్కులో ఖాళీ ఉంది. నెట్ బాగానే ఉంది. అప్‌డేట్ సర్వీసును ఆపి మళ్లీ నడిపించాను. స్టోర్ దాచుకున్న పాత ఫైళ్లు తుడిచేశాను. ఖాతాలోంచి బయటికి వచ్చి మళ్లీ లోపలికి పోదామంటే, పోనివ్వలేదు. అప్పుడు తెరమీద కింది మూలకు చూశాను. నా ఫోన్లో మూడూ పది. కంప్యూటర్లో మూడున్నర.

సరిగ్గా ఇరవై నిమిషాలు ముందుంది. టైము తేడాగా ఉన్న కంప్యూటర్‌ను స్టోర్ నమ్మదు, లాగిన్ కానివ్వదు. మేము రోజూ చూసే రోగమే. ఎప్పుడో మొదట్లోనే చూడాల్సింది, నాలాంటిదానికి అది సిగ్గుచేటు.

ఉమ నవ్వేసింది. "గది మా బాపు పనక్కా. గోడ మీదిది గూడ చూడు."

చూశాను. గోడ గడియారమూ ఇరవై నిమిషాలు ముందే! రాజమల్లు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మొదటి షిఫ్టు. వేళకు గేటు దగ్గర లేకపోతే మస్టర్ పడదు, ఆ రోజు హాజరు పోయినట్టే. అందుకని ఇంట్లో ఉన్న ప్రతి గడియారాన్నీ ఇరవై నిమిషాలు ముందుకు తిప్పి పెట్టేవాడు. రిటైరయ్యాక ఉమ కోసం కంప్యూటర్ కొన్నాడు. ఆయనకు మౌసు పట్టుకోవడం కూడా సరిగా రాదు. అయినా కూతురి పక్కన కూర్చుని ఒకే ఒక్క పని నేర్చుకున్నాడు, టైము మార్చడం. తనంతట తాను టైము సరిచేసుకునే మీటను ఆపేసి, ఇరవై నిమిషాలు ముందుకు జరిపి, తృప్తిగా లేచి వెళ్లాడట. ఇన్నాళ్లూ స్టోర్‌తో పని పడలేదు కాబట్టి ఆ తేడా ఎవరికీ అడ్డం రాలేదు.

"మరి మీకు తికమక కాదా?" అని అడిగాను.

"ఏం కాదక్కా. పుట్టినకాడికెంచి అలవాటే. గడియారం చూడంగనే మనసుల ఇరవై తీసేసుకుంటం. అమ్మ గూడ అంతే."

ఈ మాట నేను నా చెవులతో విన్నాను. విని కూడా చేసిన పని చెబుతాను, తిట్టుకోండి.

ముందు కంప్యూటర్ టైము సరిచేశాను. మీట తిరిగి ఆన్ చేశాను. స్టోర్ టక్కున తెరుచుకుంది! అప్‌డేట్ గంటన్నర పట్టింది, యాప్ దిగింది, కెమెరా పనిచేసింది. ఏదైనా అవసరమైతే షాపు నుంచే చూసుకోవచ్చని, దూరం నుంచి తెర కనబడే సాఫ్ట్‌వేర్ కూడా ఒకటి వేశాను. అది ఉంటే పరీక్ష యాప్ లాగిన్ కానివ్వదు కాబట్టి, మరునాడు పావు తక్కువ పదకొండుకు షాపు నుంచే దాన్ని తీసేస్తాననీ, ఆ తర్వాత కూర్చోమనీ ఉమకు చెప్పాను.

ఈ మధ్యలో ఉమ పాలప్యాకెట్ కోసం వీధి చివరికి వెళ్లింది. సమ్మక్క పెరట్లో ఉంది. నేను స్టూలెక్కి గోడ గడియారం దించి, ముల్లు ఇరవై నిమిషాలు వెనక్కి తిప్పి, మళ్లీ తగిలించాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని తోచనే లేదు. టీ తాగి హాయిగా ఇంటికి పోయాను.

శనివారం పొద్దున తొమ్మిదింటికి మళ్లీ ఉమ ఫోన్. ఈసారి గొంతులో ఏడుపుంది. పరీక్ష యాప్ తెరిస్తే ఏదో చిన్న అప్‌డేట్ కావాలంటోందట, స్టోర్‌కు పోతే మళ్లీ అదే పొరపాటట.

మా ఇంటి నుంచి స్కూటీ మీద పది నిమిషాల్లో అక్కడున్నాను. కంప్యూటర్ టైము ఇరవై నిమిషాలు ముందుంది! నేను ఆన్ చేసిన మీట ఆఫ్ అయి ఉంది.

"ఎవరు ముట్టుకున్నరు ఉమా?"

"నేనైతే ముట్టలే అక్కా. రాత్రి ఆఫ్ చేసి పండుకున్న. అమ్మకు ఆన్ చేసుడే రాదు."

లోపలి బ్యాటరీ చచ్చిపోయిందేమో అనుకున్నాను. మదర్‌బోర్డు మీద గడియారానికని చిన్న బిళ్ల సెల్లు ఒకటి ఉంటుంది. అది పోతే టైము తప్పుతుంది, నిజమే. కానీ అప్పుడు ఏళ్లకేళ్లు వెనక్కి పోతుంది. సరిగ్గా ఇరవై నిమిషాలు ముందుకు పోయిన సెల్లును నేను ఎన్నడూ చూడలేదు. అయినా కొత్త సెల్లు వేశాను. తొమ్మిదీ ఇరవై నాలుగుకు టైము సరిచేశాను. స్టోర్ తెరుచుకుంది, ఆ చిన్న అప్‌డేటూ అయింది. నిజం చెప్పాలంటే నాకు భయం వేయలేదు, కోపం వచ్చింది. నేను బాగుచేసిన మిషన్ నా మాట వినకపోవడమేమిటి!

ఆఖరు దాకా షాపు నుంచి కన్నేసి ఉంచాలని, దూరం నుంచి చూసే సాఫ్ట్‌వేర్‌ను మాత్రం తీయకుండా, పది కొట్టేముందు బయల్దేరాను. పరీక్ష నియమం ప్రకారం గంట ముందే ఫోన్లు ఆపేసి వేరే గదిలో పెట్టాలి. నా కళ్లముందే ఉమ తన ఫోనూ, వాళ్లమ్మ ఫోనూ ఆపేసి వంటగది అల్మారాలో పెట్టింది. కంప్యూటర్ తెరను ఆపేసి, పుస్తకం పట్టుకుని వెనక వరండాలో కూర్చుంది.

పావు తక్కువ పదకొండుకు, చెప్పిన ప్రకారం, షాపులో నా కంప్యూటర్ నుంచి ఉమ తెరను తెరిచాను. నా తెర మూలన పదీ నలభై ఐదు. ఉమ తెర మూలన పదకొండూ ఐదు!

ఒళ్లు మండిపోయింది. ఎవరో కావాలనే నాతో ఆడుకుంటున్నారనిపించింది. ఉమకు చూపించి నాలుగు తిట్టడానికని వెంటనే ఫోన్‌తో ఫొటో తీశాను. అందులో రెండు టైములూ పక్కపక్కనే పడ్డాయి. సరిచేద్దామని మౌసు ఆ మూలకు జరిపానో లేదో, కనెక్షన్ తెగిపోయింది. మళ్లీ ప్రయత్నించాను. కలవలేదు. ఉమకు ఫోన్ చేద్దామంటే ఆఫ్. వాళ్లమ్మదీ ఆఫ్.

షాపు షట్టరు సగం దించి స్కూటీ ఎక్కాను. వాన వెలిసి రోడ్డంతా బురద. బొగ్గు లారీ ఒకటి ముందు నడుస్తూ దారి ఇవ్వదు. మనసులో ఒక్కటే ఉంది, టైము తప్పుంటే యాప్ లాగిన్ కానివ్వదు, ఉమ ఈపాటికి కూర్చుని అవస్థ పడుతూ ఉంటుంది.

వాళ్ల గుమ్మంలో అడుగుపెట్టేసరికి పదీ యాభై రెండు. ఉమ కంప్యూటర్ ముందు లేదు. అప్పుడే తలస్నానం చేసి, ముందుగదిలో తీరుబడిగా జడ వేసుకుంటోంది! సమ్మక్క ఆమె నోట్లో పెరుగన్నం ముద్ద పెడుతోంది.

"ఏందుమా, ఇంక కూసోలేదా?"

"తొందరేంది అక్కా? నువ్వు చెప్పిన టైముకు ఇంక పదమూడు నిమిషాలున్నయ్ కదా," అంటూ గోడ మీదికి చూపించింది.

గోడ గడియారం పదీ యాభై రెండు చూపిస్తోంది. ఆమె చూడగానే ఇరవై తీసేసుకుంది. ఆమె లెక్కలో అప్పుడు టైము పదీ ముప్పై రెండు!

ఆ గడియారాన్ని సరిచేసింది నేను. ఎవరికీ చెప్పనిదీ నేనే.

"అది కరెక్టు టైమే! నిన్న నేనే తిప్పిన! ఎనిమిది నిమిషాలే ఉన్నయ్, లే!" అని అరిచాను.

ఉమ నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. జడ సగంలో వదిలేసి పరిగెత్తింది. నేను కుర్చీలోకి దూకి తెర ఆన్ చేశాను. దూరం నుంచి చూసే సాఫ్ట్‌వేర్‌ను తీసేయాలి, అది పోతేగానీ యాప్ లోపలికి రానివ్వదు. కంప్యూటర్ టైమెంతుందో చూడాలని కూడా తోచలేదు, నా కళ్లు గోడ గడియారం మీదే ఉన్నాయి. పదీ యాభై నాలుగు. తీసేశాను, మళ్లీ స్టార్ట్ చేయమంది. పదీ యాభై ఐదు. మిషన్ పైకి వచ్చేలోపు సమ్మక్క ఆధార్ కార్డు పట్టుకుని నిలబడింది, నేను ఉమ మొహాన పెరుగు తుడిచాను. పదీ యాభై ఏడుకు యాప్ తెరుచుకుంది. మొహం కెమెరాకు చూపించింది, కార్డు చూపించింది, చక్రం తిరుగుతోంది, తిరుగుతోంది... లోపలికి తీసుకుంది! పదీ యాభై ఎనిమిది.

నేను సమ్మక్క చేయి పట్టుకుని బయటికి వచ్చి మెట్ల మీద కూలబడ్డాను. నవ్వు వస్తోంది, ఏడుపూ వస్తోంది. బతికిపోయాం!

కాస్త ఊపిరి తీసుకున్నాకే ఒక విషయం తట్టింది. నేను ఆ రెండు టైములు చూడబట్టి వచ్చాను. ఉమ తెర మీద టైము సరిగ్గా ఉండి ఉంటే, షాపు నుంచే ఆ సాఫ్ట్‌వేర్ తీసేసి, నా పని నేను చూసుకునేదాన్ని. ఉమ తన లెక్కలో పావు తక్కువ పదకొండుకు వచ్చి కూర్చునేది. అప్పటికి అసలు టైము పదకొండూ ఐదు అయ్యేది. లాగిన్ మూసేసి ఐదు నిమిషాలయ్యేది.

నాకు ఉమ తెర మీద కనబడింది కూడా పదకొండూ ఐదే.

చేతుల మీద వెంట్రుకలు లేచాయి. వానాకాలం పొద్దుటిపూట, ఎండ కాస్తోంది, వీధిలో కూరగాయల బండి వెళుతోంది, అయినా లేచాయి.

"పెద్దమ్మా, గడియారం నేనే తిప్పిన. చెప్పకుంట తిప్పిన. తప్పయింది," అన్నాను.

సమ్మక్క కోప్పడలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంది. "నిన్న సంది ఇల్లు ఎట్లనో ఉన్నది బిడ్డా. ఆయనకు ఆలస్యమంటే పడది. ఒక్కనాడు మస్టర్ తప్పలేదు. బిడ్డది తప్పనిస్తడా?" అంది, అదేదో రోజూ జరిగే మామూలు విషయంలాగా.

పన్నెండున్నరకు ఉమ బయటికి వచ్చింది. బాగా రాశానంది. నేను వెంటనే లోపలికి పోయి కంప్యూటర్ చూశాను. టైము సెకనుతో సహా సరిగ్గా ఉంది. మీట ఆన్‌లోనే ఉంది, పొద్దున నేను పెట్టినట్టే.

కంప్యూటర్ తన లోపల ఒక చిట్టా రాసుకుంటుంది. టైము ఎప్పుడు మారినా, ఎవరు మార్చినా అందులో పడుతుంది. తెరిచి చూశాను. శుక్రవారం మధ్యాహ్నం నేను వెనక్కి తిప్పింది ఉంది. శనివారం పొద్దున తొమ్మిదీ ఇరవై నాలుగుకు నేను వెనక్కి తిప్పింది ఉంది. ఈ రెంటి నడుమ ఎవరో ముందుకు తిప్పింది లేదు! ముందుకు పోకుండానే నేను రెండోసారి వెనక్కి ఎట్లా తిప్పాను? పదీ నలభై ఐదు దగ్గర నేను షాపు నుంచి తెరిచినట్టు ఉంది, కనెక్షన్ తెగినట్టు ఉంది. టైము మారినట్టు ఒక్క గీత లేదు.

పొద్దున తీసిన ఫొటో ఫోన్లో తెరిచి చూసుకున్నాను, నా కళ్లే మోసం చేశాయేమోనని. పదకొండూ ఐదు, ఉంది.

ఆ ఫొటో, ఆ చిట్టా రెండూ జనగామలో నాకు పని నేర్పిన సారుకు పంపాను. ఆయన దేనికైనా కారణం చెప్పగలడు. సాయంత్రానికి ఫోన్ చేశాడు. "ఫొటో కరెక్టే, చిట్టా గూడ కరెక్టే. రెండూ ఒక్కసారే కరెక్ట్ ఎట్లయితయ్ రూతూ?" అన్నాడు. నన్నడిగితే నేనేం చెప్పను!

ఆ రోజు బయల్దేరేముందు నేను మళ్లీ స్టూలెక్కాను. గోడ గడియారం దించి, ముల్లు ఇరవై నిమిషాలు ముందుకు తిప్పి తగిలించాను. డోర్నకల్ పాయింట్స్‌మన్ కూతుర్ని, నా చేత్తో నేను తప్పు టైము పెట్టాను. సమ్మక్క కిందినుంచి చూసి, "ఆఁ, గిప్పుడు సరైంది," అంది.

ఉమకు ఉద్యోగం వచ్చింది. తల్లిని తీసుకుని హనుమకొండకు మారిపోయింది. సామాను సర్దే రోజున కంప్యూటర్ విప్పడానికి నన్నే పిలిచారు. ఆఖరుసారి చూశాను. టైము సరిగ్గానే ఉంది. ఆ శనివారం తర్వాత అది మళ్లీ ఒక్క నిమిషం కూడా తప్పలేదని ఉమ చెప్పింది. గోడ గడియారాన్ని మాత్రం సమ్మక్క పాత చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కింది.

చాలా రోజులు మా నాయినకు చెప్పలేదు. నవ్వుతాడని భయం. ఈ మధ్య డోర్నకల్ వెళ్లినప్పుడు ఉండబట్టలేక మొత్తం చెప్పి, ఫొటో చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత ఆయన అడిగే ప్రశ్నే అడిగాడు.

"ఏ టైముకు?"

"నా గడియారంల పదీ నలభై ఐదు, నాయినా. ఆయన గడియారంల పదకొండూ ఐదు."

నవ్వుతాడనే అనుకున్నాను. నవ్వలేదు. ఫోన్ తిరిగి నా చేతిలో పెట్టాడు.

"గట్లయితే రెండు టైములు రాసిపెట్టుకో బిడ్డా," అన్నాడు.

ఎవరు చేశారో, ఎట్లా చేశారో నాకు ఇప్పటికీ తెలియదు. మా నాయిన చెప్పినట్టు రెండు టైములూ ఇక్కడ రాసిపెట్టాను.